బయోటెక్ వాళ్ళు సీక్వెన్స్ అనాలిసిస్ ఎక్కడ మొదలుపెట్టాలి? కోడింగ్ అస్సలు రాదు

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ బయోటెక్ ఫైనలియర్. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ, అంటే లెక్కలు టెన్త్‌తోనే వదిలేశా. మా ప్రాక్టికల్స్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ అంటే ఒక సీక్వెన్స్ (డీఎన్ఏ లేదా ప్రోటీన్ అక్షరాల వరుస) ఇస్తారు, దాన్ని బ్లాస్ట్ (పోలిన సీక్వెన్స్‌లు వెతికే టూల్) బాక్సులో పేస్ట్ చేసి వచ్చిన పేజీ ప్రింట్ తీసి రికార్డులో అంటించడం, అంతే. ఈ-వాల్యూ అంటే "తక్కువ ఉంటే మంచిది" అని రాస్తే మార్కులు పడిపోతాయి. నాకు మాత్రం అసలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుంది. ప్రాజెక్ట్ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) మీద చేద్దామనుకుంటున్నా, మా పిన్ని ఏజెన్సీలో పీహెచ్‌సీలో నర్సు, ఆ జబ్బున్న పిల్లలు ఒళ్ళునొప్పులతో ఎంత అల్లాడిపోతారో ఫోన్ చేసినప్పుడల్లా చెప్తుంటుంది. యూట్యూబ్ చూస్తే ఒకరు పైతాన్ అంటారు, ఒకరు ఆర్ అంటారు, ఒకరు లినక్స్ రాకపోతే లాభం లేదంటారు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు 40 వేలు అడుగుతున్నారు, కట్టమంటారా? ఏది ముందు, ఏది తర్వాత, కాస్త చెప్పండి.

పిపెట్_అక్క:
ముందు ఆ డబ్బులు కట్టకు తమ్ముడూ. నీకు కావాల్సిన డేటా, సాఫ్ట్‌వేర్ అంతా ఫ్రీయే, పాఠాలు కావాలంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఉన్నాయి. నీ చేతిలో ఒక ప్రశ్న ఉంది చూడు, సికిల్ సెల్, అదే నీ సిలబస్. చాలామందికి అది కూడా ఉండదు, టూల్స్ లిస్టు రాసుకుని ఒక్కోటి టిక్ పెట్టుకుంటూ పోతారు, రెండు నెలలకి ఏదీ గుర్తుండదు.

యూనిప్రాట్ అనే ప్రోటీన్ డేటాబేస్‌లోకి వెళ్ళి పీ68871 అని కొట్టు. మనిషి హీమోగ్లోబిన్ బీటా గొలుసు వస్తుంది, 147 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక అమినో యాసిడ్. మొదటి ఎనిమిదీ ఎం, వీ, హెచ్, ఎల్, టీ, పీ, ఈ, ఈ. సికిల్ సెల్‌లో మారేది ఆ రెండు 'ఈ'ల్లో మొదటిది, గ్లుటామిక్ యాసిడ్ పోయి వేలిన్ వస్తుంది. ఇప్పుడు అసలు విషయం. టెక్స్ట్‌బుక్‌లో ఆరో స్థానం అని ఉంటుంది, యూనిప్రాట్‌లో లెక్కపెడితే ఏడోది, ఎందుకంటే మొదటి మిథియోనిన్ ప్రోటీన్ తయారయ్యాక తెగిపోతుంది, పాతకాలం వాళ్ళు రక్తంలోంచి తీసిన ప్రోటీన్‌నే చూశారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ పైతాన్‌లో అదే అక్షరం అడగాలంటే 6 అనే రాయాలి, అది సున్నా నుంచి లెక్కపెడుతుంది గనక. ఒకే అక్షరానికి ఇన్ని నంబర్లు. అది నీకు స్పష్టంగా అర్థమైతే జీనోమ్‌లో స్థానాలు రాసే బెడ్ ఫైలు సున్నా నుంచి, జీఎఫ్‌ఎఫ్ ఫైలు ఒకటి నుంచి లెక్కపెడతాయని విన్నప్పుడు ఇబ్బంది పడవు.

తర్వాత దాని జీన్ కోడింగ్ సీక్వెన్స్ ఎన్‌సీబీఐ అనే అమెరికా డేటాబేస్ సైట్ నుంచి ఫాస్టా ఫైలుగా (సీక్వెన్స్ మామూలు అక్షరాల్లో ఉండే ఫైలు) దించుకో. 64 కోడాన్లతో (మూడేసి డీఎన్ఏ అక్షరాల గుంపులు) ఒక డిక్షనరీ రాసి, మూడేసి అక్షరాలు తీసుకుంటూ ప్రోటీన్‌గా మార్చే ప్రోగ్రాం నువ్వే రాయి, పదిహేను లైన్లు కూడా దాటదు. బయోపైతాన్ అనే లైబ్రరీలో రెడీగా ఉంటుంది కానీ మొదటిసారి దాన్ని ముట్టుకోవద్దు. 20వ అక్షరం ఏ తీసేసి టీ పెట్టి మళ్ళీ రన్ చెయ్, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది, 'ఈ' ఉన్నచోట 'వీ' కనిపిస్తుంది. ఆ మారిన ప్రోటీన్‌ని నార్మల్ దానితో అలైన్ చేసి (అక్షరానికి అక్షరం ఎదురుగా పెట్టి) చూడు, 99 శాతం ఒకటే అంటుంది. స్కోరు ఎంత బాగున్నా ఆ తేడా ఎక్కడ పడిందో, ఏ అమినో యాసిడ్ ఏది అయిందో నువ్వే చూడాలి. చార్జ్ ఉన్నది పోయి నీటికి దూరంగా ఉండే వేలిన్ వచ్చింది, అందుకే ఆక్సిజన్ వదిలేసినప్పుడు హీమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి, కణం కొడవలిలా వంగిపోతుంది.

పైతాన్ ఈ పనికి సరిపడా వస్తే చాలు. ఆర్ తర్వాత, ఎక్స్‌ప్రెషన్ డేటా (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పేది) జోలికి వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు.

ఓరుగల్లు_కోడర్:
అక్క చెప్పింది కరెక్ట్. నేను సీఎస్ఈ నుంచి ఇటు వచ్చినోణ్ణి, ఆ వైపు సంగతి చెప్తా. లెక్కలు రావని భయపడకు బ్రో, అలైన్‌మెంట్‌కి కావాల్సింది కూడిక, తీసివేత, మూడు నంబర్లల్ల ఏది పెద్దదో చూసుడు, అంతే.

ఒక కాగితం తీస్కో. పైన ఏసీజీటీ, పక్కన ఏజీటీ రాయి, ముందు ఒక ఖాళీ గడి వదులు, అంటే మొత్తం 20 గడులు. కలిస్తే +1, కలవకపోతే -1, గ్యాప్ పెడితే -2. మొదటి వరుస, మొదటి నిలువు 0, -2, -4 అట్ల నింపు. తర్వాత ప్రతి గడికి మూడు దారులున్నయ్, మూల నుంచి, పై నుంచి, ఎడమ నుంచి, ఏ దారిల ఎక్కువ వస్తే ఆ నంబర్ రాసి ఏ దారిల వచ్చిందో బాణం గుర్తు పెట్టుకో. ఆఖరి గడిల 1 రావాలె, మూడు కలిసినయ్, ఒక గ్యాప్, మూడుల రెండు తీస్తే ఒకటి. బాణాలు పట్టుకుని వెనక్కి నడిస్తే 'సీ' ఎదురుంగ గ్యాప్ పడ్డట్టు కనిపిస్తది. ఇదే నీడిల్‌మన్, వున్ష్ 1970ల చెప్పింది. మైనస్ వచ్చిన చోటల్లా సున్నా పెట్టి, పెద్ద నంబర్ ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి వస్తే స్మిత్, వాటర్‌మన్ పద్ధతి, 1981. ఒకటి మొత్తానికి మొత్తం పోలుస్తది, రెండోది బాగా కలిసిన ముక్కని పట్టుకుంటది.

ప్రోటీన్లకి +1, -1 పనికిరాదు, ఎందుకంటే ఐసోల్యూసిన్ పోయి వేలిన్ వస్తే పెద్ద నష్టం లేదు, ట్రిప్టోఫాన్ పోతే అట్ల కాదు. అందుకే బ్లోసమ్62 టేబుల్, 1992ల హెనికాఫ్ దంపతులు తయారుచేసిన్రు. అందుల ట్రిప్టోఫాన్ మీద ట్రిప్టోఫాన్ 11, ఐసోల్యూసిన్ వేలిన్ 3, నీ సికిల్ సెల్ మార్పు -2. ఆ టేబుల్ తెరిచి ఈ మూడూ నువ్వే వెతుకు.

నీ ఒక్క సీక్వెన్స్‌ని కోట్ల సీక్వెన్స్‌లతో ఇట్ల గడులు నింపుకుంట పోతే తెల్లారిపోతది కాబట్టి 1990ల బ్లాస్ట్ వచ్చింది, ముందు చిన్న చిన్న ముక్కలు కలిసే చోట్లు పట్టుకుని అక్కణ్ణుంచి రెండు వైపులా పెంచుకుంట పోతది. స్పీడ్ వచ్చింది కానీ అప్పుడప్పుడు కొన్ని తప్పిపోతయ్. ప్రాక్టీస్‌కి రోసలిండ్ అనే సైట్ ఉంది, మొదటి లెక్క డీఎన్ఏల ఏ ఎన్ని, సీ ఎన్ని అని లెక్కపెట్టుడే, అట్ల మెల్లగ కష్టం పెంచుకుంట పోతది.

న్యూరల్_నాని:
అన్నా ఇవన్నీ పాత సంగతులు. ప్రోటీన్ ఆకారం ఊహించే ఏఐ ఆల్ఫాఫోల్డ్‌కి 2024లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చేసింది. సీక్వెన్స్ ఇస్తే స్ట్రక్చర్ వచ్చేస్తుంటే గడులు నింపుకుంటూ కూర్చోడం ఎందుకు, డైరెక్ట్‌గా డీప్ లెర్నింగ్ మొదలుపెట్టమనండి.

పిపెట్_అక్క:
నానీ, ఆ నోబెల్ తెచ్చిన ఆల్ఫాఫోల్డ్2 లోపల మొదట చేసే పనేంటో చూశావా? నువ్విచ్చిన సీక్వెన్స్‌కి చుట్టాలని డేటాబేసుల్లో వెతికి మల్టిపుల్ అలైన్‌మెంట్ (అన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చడం) కడుతుంది. ఏ రెండు స్థానాలు జతగా మారుతూ వచ్చాయో అందులోంచే తెలుస్తుంది. ఆ అలైన్‌మెంట్ పల్చగా ఉంటే స్ట్రక్చర్ మీద నమ్మకం కూడా తగ్గిపోతుంది. పైగా ఒక్క అక్షరం మార్పు వల్ల ఏమవుతుందో చెప్పడానికి దాన్ని తయారుచేయలేదు, ఈ తమ్ముడికి కావాల్సింది సరిగ్గా అదే. డీప్ లెర్నింగ్ నేర్చుకోవాల్సిందే, కాదనను, కానీ అలైన్‌మెంట్ తెలియకుండా వెళ్తే మోడల్ ఎక్కడ తడబడిందో నీకు కనిపించదు.

కాకినాడ_కుర్రాడు:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. నిన్న రాత్రి గడులు నింపా, 1 వచ్చింది! కోడాన్ ప్రోగ్రాం కూడా పనిచేసింది, 'వీ' కనిపించగానే మా రూమ్మేట్‌ని లేపి మరీ చూపించా. ఇంకో డౌటు. ఇదే బీటా గొలుసుని హీమోగ్లోబిన్‌లోనే ఉండే ఆల్ఫా గొలుసుతో పోలిస్తే 40 శాతం పైన వచ్చింది, కండరాల్లో ఉండే మయోగ్లోబిన్‌తో అయితే పాతిక శాతం దగ్గరే ఆగింది. పాతిక శాతానికి చుట్టాలు అనొచ్చా?

ఓరుగల్లు_కోడర్:
అనొచ్చు, కానీ పర్సెంటేజ్ చూసి కాదు. ఇరవై అక్షరాల ముక్కల పాతిక శాతం ఊరికే కూడా వస్తది, దాదాపు మొత్తం పొడవునా పాతిక శాతం అంటే వేరే సంగతి. మయోగ్లోబిన్, హీమోగ్లోబిన్ స్ట్రక్చర్లు తీసిన కెండ్రూ, పెరుట్జ్‌లకి 1962ల నోబెల్ వచ్చింది, ఆ రెండూ ఒకే తీరుగ మడతపడి ఉంటయ్. అక్షరాలు చాలా మారిపోయినా మడత నిలబడ్డది. ఇట్లాంటి దూరపు చుట్టాలని పట్టాలంటే ఒక్క సీక్వెన్స్‌తో కాకుండ కుటుంబం మొత్తాన్ని ప్రొఫైల్ చేసి వెతకాలె, సై-బ్లాస్ట్, హెచ్‌ఎంఎంఈఆర్ అనే టూల్స్ అందుకే ఉన్నయ్.

ఈ-వాల్యూ అంటే ఇంత స్కోరు ఈ డేటాబేస్‌ల ఊరికే, యాదృచ్ఛికంగ ఎన్నిసార్లు తగలొచ్చు అని. పదిమందిల మీ ఇంటిపేరున్నోడు కనిపిస్తే చుట్టమేమో అనుకుంటవ్, జిల్లా అంతా వెతికితే ఆ ఇంటిపేరు ఏ సంబంధం లేకుండ కూడా తగులుతది కదా. అందుకే డేటాబేస్ సైజు రెట్టింపైతే అదే అలైన్‌మెంట్‌కి ఈ-వాల్యూ కూడా రెట్టింపైతది. స్విస్-ప్రాట్ (చిన్న ప్రోటీన్ డేటాబేస్) మీద ఒకసారి, మొత్తం ఎన్ఆర్ (చాలా పెద్దది) మీద ఒకసారి అదే సీక్వెన్స్ వెతికి చూడు, బిట్ స్కోరు (డేటాబేస్ సైజుతో సంబంధం లేని స్కోరు) దాదాపు అట్లనే ఉంటది, ఈ-వాల్యూ మారిపోతది. నీ ప్రాజెక్ట్ రికార్డుల ఈ-వాల్యూ రాసిన ప్రతిచోటా ఏ డేటాబేస్, ఏ తేదీన వెతికినవో పక్కనే రాయి, వైవాల ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అయితది.