ట్రాక్ డేకి, ఆఫీసుకి ఒకటే అలైన్‌మెంట్ కుదురుతుందా?

స్విఫ్ట్_కూకట్‌పల్లి
పోయిన నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి నా స్విఫ్ట్ వేసుకుని వెళ్లొచ్చా. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు) అంతా కంపెనీ సెట్టింగే. నాలుగు సెషన్లకే ముందు టైర్ల బయటి అంచు గరుకుగా అరిగిపోయింది, లోపలి సగం మాత్రం కొత్తదానిలా ఉంది. నెగటివ్ క్యాంబర్, అంటే చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలేలా, పెట్టించమని అందరూ అంటున్నారు. కానీ రోజూ హైటెక్ సిటీకి పోయొచ్చేది ఈ కారులోనే, ట్రాక్‌కి వెళ్లేది ఏడాదికి రెండు మూడు సార్లు. మధ్యస్థంగా ఒకటి పెట్టి వదిలేయాలా, లేక వెళ్లేముందు మార్చి వచ్చాక మళ్లీ మార్చుకోవాలా?

పాత_సిటీ
రెండూ వద్దు బ్రో. మూడు రోజుల సరదాకి మిగతా 362 రోజులు టైర్లు అరగదీసుకుంటావా? ట్రాక్‌కి పాత టైర్లు వేసుకుని పో, గాలి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టు, చాలు. నేను క్యాంబర్ పెట్టించి ఏడాది తిరక్కుండా రెండు టైర్లు పారేశా. బయటి నుంచి చూస్తే బాగానే ఉన్నాయి, లోపలివైపు వైరు తేలిపోయింది.

కొలతల_పిచ్చి
ఆ వైరు తేలింది క్యాంబర్ వల్ల కాదు, టో (చక్రం సూటిగా కాకుండా పక్కకి చూడటం) వల్ల అని నా పందెం. అప్పటి ప్రింటవుట్ ఉంటే టో ఎంతుందో చూడండి.

లెక్క చెప్తా. చక్రం నేరుగా కాకుండా ఒక్క 0.1 డిగ్రీ పక్కకి చూస్తోందనుకోండి, ప్రతి కిలోమీటరుకి ఆ టైరు దాదాపు 1.75 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. హైదరాబాద్ నుంచి చెన్నై 630 కి.మీ. వేసుకున్నా, ట్రాక్ గేటు చేరేలోపే కిలోమీటరుకి పైగా రుద్దుడు. క్యాంబర్‌లో ఈ ఈడ్పు లేదు, బరువు లోపలి అంచు మీద కాస్త ఎక్కువ పడుతుందంతే. రెండూ కలిస్తేనే మీ టైరుకి పట్టిన గతి.

అసలు క్యాంబర్ ఎందుకంటే, స్విఫ్ట్‌కి ముందు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసి చక్రాన్ని నిలబెట్టే నిలువు కాడ). మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దాంతోపాటే బయటికి వాలి అంచు మీద నిలబడుతుంది, దాన్ని సరిదిద్దే శక్తి ఈ స్ట్రట్‌కి పెద్దగా లేదు. అందుకే ముందుగానే కాస్త లోపలికి వాల్చి పెట్టుకోవాలి. ట్రాక్ ఒక్కటే అయితే మైనస్ రెండున్నర, మూడు డిగ్రీలు కూడా అడుగుతుంది. మీకు ముందు మైనస్ ఒకటిన్నర, టో సున్నా. పెట్టించి మర్చిపోండి. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే దిమ్మ) కాబట్టి ఎలాగూ తిప్పడానికేమీ లేదు.

పాత_సిటీ
ప్రింటవుట్ దొరికింది. ముందు టో అవుట్ (చక్రాల ముందు వైపులు బయటికి చూడటం), మొత్తం 0.4 డిగ్రీలు. ట్రాక్‌లో కారు చటుక్కున తిరుగుతుందని నేనే అడిగి పెట్టించుకున్నా, నిజంగానే తిరిగింది కూడా. కానీ అద్దంకి రోడ్డులో లారీలు చేసిన గాడి వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ అటూ ఇటూ లాగేది, ఒకటే టెన్షన్. సరే, టో తప్పు ఒప్పుకుంటున్నా. క్యాంబర్ మార్చడానికి స్ట్రట్‌కి కంపెనీ బోల్టు తీసి వేసే క్యాంబర్ బోల్టు సంగతేంటి మరి? కంపెనీ బోల్టు కంటే సన్నం. మన గుంతల్లో ఒక్కసారి దబ్బున దిగితే జారదా?

టై_రాడ్
అందుకే నేను స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్లు (స్ట్రట్ పైకొనని పక్కకి జరిపేవి) వేశా. రెండు గుర్తులు పెట్టుకున్నా, ఒకటి రోడ్డుకి, ఒకటి ట్రాక్‌కి. ట్రాక్ దగ్గర జాకీ ఎత్తి అరగంటలో మార్చేస్తా.

కొలతల_పిచ్చి
క్యాంబర్ కదిలితే టో కూడా కదులుతుంది కదా, దాన్ని ఏం చేస్తున్నారు?

టై_రాడ్
టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎన్ని చుట్లు తిప్పాలో ఒకసారి మెషీన్ మీద కొలిపించి రాసుకున్నా. ఒక్కసారి మాత్రం రాత్రి అలిసిపోయి తిప్పకుండానే ఇంటికొచ్చేశా 😅 ఇంకోటి, ప్లేట్లలో రబ్బరుకి బదులు బేరింగ్ ఉంటుంది, స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా టక్ టక్. మా ఆవిడ ఆ కారు ఎక్కడం మానేసింది.

బే_లో_పని
అలైన్‌మెంట్ చేసేవాడిగా నా మాట. బోల్టు జారడం నిజమే, అయితే నేను చూసినవాటిలో చాలావరకు సరిగ్గా బిగించనివే. చెప్పిన టార్క్‌కి బిగించి, నట్టు మీద పెయింట్ గీత గీసుకుంటే కదిలిందో లేదో కంటికే తెలుస్తుంది. పెద్ద గుంతలో పడితే చెక్ చేయించుకోండి, క్యాంబర్ బోల్టు లేని కారుకైనా అది తప్పదు. ముందు క్యాంబర్, ఆ తర్వాతే టో చేయమని చెప్పండి. ఇంకోటి, స్క్రీన్ మీద పచ్చ రంగు వస్తే చాలనుకోవద్దు, అది కంపెనీ రేంజ్ మాత్రమే. మీ మైనస్ ఒకటిన్నరకి ఎర్ర రంగే రావచ్చు, కుర్రాడు కంగారుపడి మళ్లీ వెనక్కి తెచ్చేస్తాడు. పక్కనే నిలబడండి.

పాత_సిటీ
బోల్టు సంగతి సరే. అయినా మూడు రోజుల కోసం ఇంత అవసరమా అనే నా ప్రశ్న అలాగే ఉంది. ట్రాక్‌లో ఏదైనా అయితే మామూలు ఇన్సూరెన్స్ కూడా రాదు, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అందులో మినహాయింపే.

కొలతల_పిచ్చి
ఒక్క ట్రాక్ డేకే రెండు టైర్ల అంచులు పోయాయని మొదటి పోస్టులోనే ఉంది సార్. ఆ ఖర్చు ముందు బోల్టులెంత?

స్విఫ్ట్_కూకట్‌పల్లి
బోల్టులు ఆర్డర్ పెట్టేశా. మైనస్ ఒకటిన్నర, టో సున్నా. చివరిగా ఒక డౌటు. నా బరువు 92 కిలోలు. నేను కూర్చుని ఉండగా చేయించాలా, ఖాళీ కారు మీదా?

బే_లో_పని
కంపెనీ కొలత ఏ బరువుకిచ్చారో దాని ప్రకారమే మేం చేస్తాం. మీది ఎలాగూ సొంత కొలత, ఎక్కువగా ఒక్కరే నడుపుతారు కాబట్టి బరువు పెట్టే చేయించండి. పక్కన నిలబడి స్క్రీన్ చూడాలి కాబట్టి మీరు కూర్చోవద్దు, పాతిక కిలోల బియ్యం బస్తాలు తెచ్చుకోండి. మూడు సీట్లో, ఒకటి కాళ్ల దగ్గర.