గ్యాస్ గీజర్ బాత్రూం లోపల పెట్టొచ్చా? మొదటిసారి వెలిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బురుజు కాడ (కర్నూలు):
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఇన్నాళ్లూ పెరట్లో కట్టెల పొయ్యి మీద అండాలో నీళ్లు కాచుకునేవాళ్లం. ఆ పని మా జేజికే బాగా వచ్చు, ఇప్పుడు ఆమెకు పొగ పడట్లేదు. కరెంటు గీజర్ అంటే నాయన బిల్లు గుర్తు చేసుకుని వద్దన్నాడు. అందుకని నిమిషానికి ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ కొన్నాం. ఆదివారం ఫిట్టింగ్ మనిషి వస్తాడు, బాత్రూం లోపలే గోడకు కొట్టేద్దాం, పైపు కలిసొస్తుంది అంటున్నాడు. మా బాత్రూం నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పైన చిన్న వెంటిలేటర్ ఉంది, చలికాలం దానికి అట్టముక్క అడ్డం పెడతాం. పెట్టొచ్చా? వాడుతున్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గుత్తి పిల్లోడు:
మాకు ఆరేళ్లుగా లోపలే ఉంది అన్నా, ఏమీ కాలేదు. తలుపు కింద కాస్త సందు ఉంటే చాలు. ఊరికే భయపడొద్దు.

పొద్దుటూరు అక్క:
పెట్టొద్దు తమ్ముడూ. మాక్కూడా ఏమీ కాలేదు, అయిన రోజు దాకా. మూడేళ్ల కిందట డిసెంబర్‌లో మా ఆడపడుచు కూతురు సెలవులకు వచ్చింది. తలస్నానానికి పోయి ఇరవై నిమిషాలైనా రాలేదు, లోపల నీళ్ల చప్పుడు మాత్రం వస్తానే ఉంది. పిలిస్తే పలకదు. మా ఆయన భుజంతో తోసి గడియ ఊడగొడితే పిల్ల బకెట్ పక్కన గోడకు ఒరిగి ఉంది, చేతిలో మగ్గు అలాగే ఉంది. దుప్పటి చుట్టి వరండాలోకి తెచ్చి పడుకోబెట్టాం. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట "ఇంట్లో గ్యాస్ గీజరా?" అని. ఆక్సిజన్ పెట్టి రాత్రంతా ఉంచుకున్నారు, దేవుడి దయ వల్ల లేచి కూర్చుంది. ఆ రోజు బాత్రూంలో గ్యాస్ వాసన ఏమాత్రం లేదు, అదే నన్ను ఇప్పటికీ భయపెట్టేది. మరుసటి రోజే పీకించి పెరటి గోడకు, సన్‌షేడ్ కింద పెట్టించాం.

రిపేర్ల మామ (అనంతపురం):
అక్క చెప్పింది నిజం. వాసన ఎందుకు రాలేదంటే, సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకు తెలుస్తుంది. కానీ మండేటప్పుడు గాలి చాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. అది రక్తంలో ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లు తేలిపోవడం, తర్వాత మనిషి పడిపోవడం. ఆరు లీటర్ల గీజర్ అంటే వంటింటి పొయ్యి బర్నర్లు నాలుగైదు ఒకేసారి పూర్తిగా తిప్పినట్టు లెక్క. తలుపేసిన చిన్న బాత్రూంలో అంత మంట పెట్టుకుని స్నానం చేస్తారా ఎవరైనా? గుత్తి పిల్లోడూ, నీది వెంటనే బయటికి మార్చు. మార్చేదాకా బకెట్లు నింపుకో, గీజర్ ఆపెయ్యి, తలుపు తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వు, ఆ తర్వాతే లోపలికి పో.

బురుజు తమ్ముడూ, నువ్వు బయట పెట్టించు, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తెచ్చుకో. వాన పడకుండా సన్‌షేడ్ ఉంటే చాలు, చుట్టూ రేకు పెట్టి డబ్బాలా మూసేయొద్దు. పైన పొగ పోయే చోట ఏమీ అడ్డం ఉండకూడదు, అక్కడ తువ్వాలు ఆరేసినోళ్లను కూడా చూశా నేను. సిలిండర్ నిలువుగా, చదునైన చోట, నేల మట్టానికి ఉండాలి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, గుంటలో పెడితే లీకైనది అక్కడే మడుగు కడుతుంది. ట్యూబు ఐఎస్‌ఐ మార్కున్న నారింజ రంగుది, మీటరున్నర దాటకూడదు, ఐదేళ్లకు మార్చాలి. గోడ లోంచి మాత్రం తీయొద్దు, దూరమైతే లోహపు పైపు వేయించు.

ఇంక వెలిగించడం. మొదట గీజర్‌కు కలపకుండా నీళ్ల లైను ఐదు నిమిషాలు వదిలెయ్యాలి. కొత్త పైపులో ఇసుక, సిమెంటు పొట్టు వచ్చి లోపలి చిన్న జల్లెడకు పట్టేస్తుంది. తర్వాత "గీజర్ పని చేయట్లేదు" అని ఫోన్లు. కలిపాక రెగ్యులేటర్ తెరిచి, ప్రతి జాయింటుకు సబ్బు నురుగు రాయి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూసేవాడొస్తే ఇంటికి పంపించెయ్యి. కొళాయి తిప్పితే నీటి ఒత్తిడికి లోపల స్విచ్ పడుతుంది, టక్ టక్ మని నిప్పురవ్వ వస్తుంది, మంట అంటుకుంటుంది. మొదటిసారి పైపులో గాలి ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లకు అంటుకోదు. ఊరికే తిప్పి తిప్పి విసిగించొద్దు, గ్యాస్ లోపల చేరి ఒక్కసారిగా భుగ్గుమంటుంది. కొళాయి కట్టి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడు. మంట నీలంగా ఉండాలి. పసుప్పచ్చగా ఊగుతా ఉంటే, మసి కడుతుంటే ఆపేసి పిలిపించు.

ఆదోని టు డెన్వర్:
ఆ ఐదు నిమిషాల మాట చదివి నవ్వొచ్చింది మామా, ఇక్కడ మా బేస్‌మెంట్‌లో ఉన్న ఫర్నేస్ తలుపు మీద కూడా అదే రాసుంది. ఇక్కడ నీళ్లకు కాదు, ఇల్లంతా వేడి చేసే గ్యాస్ పొయ్యి అది. వెలిగించే ముందు థర్మోస్టాట్ తగ్గించి, గ్యాస్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, నేల దగ్గర కూడా వాసన చూడాలి. నాబ్ చేత్తోనే తిప్పాలి, తిరగకపోతే పానా పెట్టకూడదు. వాసనొస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేయాలి. పాతవాటికే ఇలా చేత్తో వెలిగించడం, కొత్తవి వాటంతటవే అంటుకుంటాయి. చలి మొదలవగానే నేను ఫిల్టర్ మారుస్తాను, బయటి పొగ గొట్టానికి మంచు అడ్డం పడిందేమో చూస్తాను. మొదటి రోజు దుమ్ము కాలిన వాసన వస్తుంది, కాసేపటికి పోతుంది. పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటాం. పోయిన సారి ఆదోని వచ్చినప్పుడు అమ్మకు కూడా ఒకటి తెచ్చిచ్చా. ఆమె దాన్ని గోడగడియారం అనుకుని టైం రావట్లేదంది.

పొద్దుటూరు అక్క:
ఇక్కడ వాసనొచ్చినా అంతే. రెగ్యులేటర్ కట్టెయ్యి, తలుపులు తెరువు, లైటు వేయొద్దు, ఉన్న లైటు ఆర్పొద్దు. బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యి.

బురుజు కాడ:
ఆదివారం అయిపోయింది, చెప్పడానికొచ్చా. ఫిట్టింగ్ మనిషి బయట పెట్టడానికి చాలాసేపు గొణిగాడు, బేతంచెర్ల బండ గోడకు బెజ్జం వేయాలంటే బిట్టు అరిగిపోతుందని. పైన రెండొందలు ఇస్తామన్నాక వేశాడు. నీళ్ల లైను వదిలితే మామ అన్నట్టే బూడిద రంగు బురద పావు బకెట్ వచ్చింది. సబ్బు నురుగు వద్దు సార్, నేను చూసుకున్నా అన్నాడు. నాయన సర్ఫ్ కలిపిన గిన్నె చేతికిచ్చాడు. గీజర్ కింద నట్టు దగ్గర చిన్న బుడగ, గోలీ అంత, లేచి పగిలి మళ్లీ లేచింది. అతను మాట్లాడకుండా పానా తీసి బిగించాడు. రెండోసారి బుడగ రాలేదు. ఐదోసారికి అంటుకుంది, మంట నీలంగానే ఉంది. కానీ పైఅంతస్తు బాత్రూం కొళాయికి కలిపితే టక్ టక్ అని కూడా అనట్లేదు, సెల్లులు కొత్తవే.

రిపేర్ల మామ:
ట్యాంకు నెత్తి మీదే ఉంటే ఒత్తిడి ఎక్కడ్నుంచి వస్తుంది నాయనా? పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ఒత్తిడి, ఒకటిన్నర మీటరుకు ఎంతో నువ్వే లెక్కేసుకో. ట్యాంకు కింద దిమ్మె కట్టి ఎత్తు పెంచు, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టు. మీది బోరు నీళ్లయితే ఏడాదికోసారి లోపలి గార తీయించు, లేకపోతే గొట్టం పూడిపోతుంది.

బురుజు కాడ:
సరే మామా, పైఅంతస్తు సంగతి ఉగాది తర్వాత చూస్తాం. జేజి మాత్రం ఇవాళ కూడా ఒక చెంబు అండాలోనే కాచుకుంది, గీజర్ నీళ్లకు కట్టెల వాసన లేదంట.