క్రూజ్‌లో టీనేజ్ పిల్లలతో: ఒకటే సూట్ తీసుకోవాలా, రెండు గదులా?

లంక రైతు
అందరికీ నమస్కారం అండీ. మాది పి.గన్నవరం దగ్గర లంక. ఈసారి రొయ్యల పట్టుబడి కలిసొచ్చింది. మే నెలలో సింగపూర్ వెళ్లి, అక్కడ మూడు రాత్రుల క్రూజ్ ఎక్కుదామనుకుంటున్నాం. అమ్మాయి ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాసింది, అబ్బాయి తొమ్మిదో తరగతి. జెంటింగ్ డ్రీమ్ ఓడ చూస్తున్నాం. ఏజెంటు "ప్యాలెస్ సూట్ తీసుకోండి సార్, బట్లర్ ఉంటాడు, సూట్ వాళ్లకి స్విమ్మింగ్ పూల్ కూడా వేరే" అని ఒకటే పోరు. ఆ డబ్బుకి రెండు బాల్కనీ గదులు వచ్చి ఇంకా మిగులుతాయని మా ఆవిడ అంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

వశిష్ఠ గట్టు
రెండు గదులు. ఇంక ఆలోచించకండి. కారణం ఒక్కటే, బాత్రూమ్.

మేం నలుగురం ఒకే గదిలో వెళ్లాం. మా ఇద్దరికీ మంచం, పెద్దమ్మాయికి సోఫా, చిన్నదానికి సీలింగ్ నుంచి దిగే బెర్త్. రాత్రి ఆ బెర్త్ దించారంటే నిచ్చెన దారికి అడ్డం. చీకట్లో లేచి బాత్రూమ్‌కి వెళ్లాలంటే తడుముకుంటూ వెళ్లాలి. పొద్దున్న పెద్దమ్మాయి లోపలికెళ్తే ముప్పావు గంట. తలుపు కొడితే అలుగుతుంది, కొట్టకపోతే మాకు గడవదు. రోజూ టిఫిన్ ఎత్తేసే వేళకి హాల్లో అడుగుపెట్టేవాళ్లం.

సూట్ అన్న పేరు చూసి పడిపోకండి. మినీ సూట్, జూనియర్ సూట్ అని రాస్తారు, చాలా ఓడల్లో అది కాస్త పెద్ద గదే, మధ్యలో గోడ ఉండదు. రెండు పడగ్గదులు, రెండు బాత్రూమ్‌లు ఉన్నదైతే సరే. లేకపోతే ఆ బట్లర్‌తో మీకేం పని? మీ అమ్మాయి తల దువ్వుతాడా?

ఉప్పుటేరు
వశిష్ఠ గారికి ఏ ఊరు వెళ్లినా బాత్రూమే గుర్తుంటుంది.

లంక రైతు గారూ, రెండు బాల్కనీ గదులంటే పిల్లల గదికీ బాల్కనీ వస్తుంది. తొమ్మిదో తరగతి కుర్రాడు, చేతిలో ఫోను, కింద సముద్రం. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మన వైపు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లంటే నీళ్లే. సూట్ ఒకటి తీసుకోండి. ఒకటే తలుపు, ఒకటే బాల్కనీ, అందరూ కళ్ల ముందుంటారు.

యానాం మరిది
కచ్చులూరుకీ దీనికీ సంబంధం ఏంటండీ బాబూ. అది వరద రోజుల్లో పాపికొండలు వెళ్తూ గోదాట్లో మునిగిన టూరు పడవ. ఇది లక్షన్నర గ్రాస్ టన్నేజీ ఓడ. ఎక్కిన రోజే అందరిచేతా మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు, చేయిస్తారు, అంతర్జాతీయ రూలు.

ఉప్పుటేరు
ఓడ మునుగుతుందని నేనెక్కడన్నాను? కుర్రాడు రెయిలింగ్ ఎక్కుతాడన్నాను. సరిగ్గా చదవండి.

భీమవరం బుల్లోడు
సింగపూర్ దాకా ఎందుకు? విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారుగా.

యానాం మరిది
టెర్మినల్ ఉంది, ఓడే అప్పుడప్పుడు వస్తుంది. అక్కడికొచ్చిన కార్డీలియా ఎంప్రెస్ 1990 నాటిది, బాల్కనీ గదులు తక్కువ. ఉప్పుటేరు గారికి అదే నచ్చుతుంది.

పాలకొల్లు పిన్ని
బాల్కనీ భయమైతే పిల్లలకి కిటికీ లేని ఇన్‌సైడ్ గది తీసుకోండి. చవక. పగలూ చీకటే, పదకొండింటి దాకా హాయిగా పడుకుంటారు.

గౌతమి
డబ్బు లెక్క ఎవరూ తీయలేదు. క్రూజ్ ధర మనిషికి చెప్తారు గానీ, అది గదికి ఇద్దరు ఉంటారన్న లెక్క మీద కట్టింది. అదే గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ సాధారణంగా తగ్గుతుంది. రెండు గదులు తీసుకుంటే నలుగురికీ పూర్తి ధర పడుతుంది. పోర్టు చార్జీలు, రోజువారీ టిప్పులు మాత్రం ఎలా వెళ్లినా తలకింత అని కట్టాలి.

రెండోది వయసు రూలు. అమెరికా నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ ఓడల్లో గదికి కనీసం ఒకరు 21 ఏళ్లు నిండినవాళ్లు ఉండాలి. తల్లిదండ్రులు పక్క గదిలోనో, మధ్య గోడకి తలుపున్న కనెక్టింగ్ గదిలోనో ఉంటే పిల్లలకి సడలింపు ఇస్తారు. ఒక్కో కంపెనీది ఒక్కో రూలు, మీ ఓడది ముందే కనుక్కోండి.

మీ ఇద్దరి గొడవకీ మధ్యేమార్గం కూడా ఉంది. ఆ కంపెనీవే క్వాంటమ్ తరగతి ఓడల్లో ఫ్యామిలీ కనెక్టెడ్ జూనియర్ సూట్ అని ఒకటుంది. నడవాలోంచి తలుపు ఒకటే. అది తీస్తే చిన్న వసారా, అందులోంచి మూడు గదులకి దారులు, మూడు బాత్రూమ్‌లు. ఆ తరగతిలో క్వాంటమ్, ఆంథమ్ సింగపూర్ నుంచి తిరిగాయి. మీ తేదీలకి అలాంటిది అక్కడ ఉందేమో అడగండి.

ఇంకోటి, ఏ గదైనా పూల్ డెక్‌కి సరిగ్గా కింద వద్దు. తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తి మీదే ఉంటుంది.

వశిష్ఠ గట్టు
మూడు బాత్రూమ్‌లు! గౌతమి గారికి దండం.

ఉప్పుటేరు
నలుగురికి మూడు గదులెందుకండీ? భోజనానికి తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోరు. దానికి సింగపూర్ ఎందుకు, ఇంట్లోనే ఉండొచ్చు. పిల్లల తాళం పిల్లల చేతికిచ్చి, వాళ్లు రాత్రి ఒంటిగంటకి ఏ డెక్ మీదున్నారో తెలియక మనం మంచం మీద దొర్లాలా? అమ్మాయి వయసు చూసుకోండి.

వశిష్ఠ గట్టు
బాల్కనీ పోయి ఇప్పుడు అమ్మాయి వయసు వచ్చింది. అసలు సంగతి అదీ.

ఉప్పుటేరు గారూ, మీ అబ్బాయిని రెండేళ్లు విజయవాడ హాస్టల్లో పెట్టానని మీరే ఇంకో చర్చలో రాశారు. పక్క మంచం మీద ఎవడు పడుకున్నాడో మీకు తెలుసా? ఫోను ఆదివారం పది నిమిషాలు. అప్పుడు రెండేళ్లు కంటికి కనపడకపోతే లేని బెంగ, ఓడలో గోడ అవతల పడుకుంటే వచ్చిందా?

ఉప్పుటేరు
మా ఇంటి సంగతి మీకెందుకు? గది గురించి అడిగితే నా కొడుకుని లాగుతారా? మీ ఎటకారం మీ గట్టు మీద చూపించుకోండి.

మోడరేటర్
ఇద్దరూ నెమ్మది. ఇళ్ల విషయాలు వద్దు.

ఉప్పుటేరు
వద్దంటే ఎలా, ఎత్తారుగా. చెప్తాను.

అవును, పెట్టాను. మా ఊళ్లో అందరూ పెట్టారు. పెట్టకపోతే ఈయనకి పిల్లాడి మీద శ్రద్ధ లేదనేవాళ్లు. సీటు వచ్చింది, మంచి కాలేజీ. నేనేం తప్పు చేశానని అనుకోవట్లేదు. కానీ వాడు ఇంటికొస్తే ఏం మాట్లాడాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. "తిన్నావా" అంటే "ఊ". గదిలోకెళ్లి తలుపేసుకుంటాడు. లంక రైతు గారి పిల్ల కూడా ఇంకో రెండు నెలల్లో ఏ బీటెక్‌కో వెళ్లిపోతుంది. ఆయనకి దొరికేది ఆ మూడు రాత్రులే. అవి కూడా గోడలు కట్టుకుని గడపమంటున్నారు మీరు. బాత్రూమ్ దగ్గర తన్నుకున్నా అది ఒకచోట ఉండటమే కదా.

పాలకొల్లు పిన్ని
అన్నయ్య గారూ, మీ బాధ కాదనను. కానీ ఇది మీ వైపు నుంచే చూస్తున్నారు. మా అమ్మాయిదీ హాస్టలే. గదికి ఎనిమిది మంది, బట్టలు మార్చుకోవాలన్నా వరసే. పరీక్షలయ్యి ఇంటికొచ్చాక అది అడిగింది ఒక్కటే, తన గదికి లోపలి గడియ పెట్టించమని. మా ఆయన నెల రోజులు మాట్లాడలేదు, "ఇంట్లో గడియ ఎవరి మీద?" అని. రెండేళ్లు తలుపు లేని చోట ఉన్న పిల్లకి తలుపు కావాలనిపించదా?

ఉప్పుటేరు
అయితే మనం ఎక్కడుండాలమ్మా?

పాలకొల్లు పిన్ని
తలుపు తీసినప్పుడు అందుబాటులో.

వశిష్ఠ గట్టు
లంక రైతు గారు ఎక్కడ? పెళ్లి కుదిర్చి పెళ్లికొడుకుని మర్చిపోయాం.

లంక రైతు
చెరువు దగ్గరున్నానండీ, ఏరేటర్ ఆగిపోయింది. అన్నీ చదివాను. మా అమ్మాయిదీ హాస్టలే, గుంటూరులో. అమ్మాయినే అడిగాను. నాన్నమ్మతో ఒక గదిలో ఉంటానంది.

యానాం మరిది
నాన్నమ్మ ఎవరు?

లంక రైతు
మా అమ్మండీ. ఆవిడా వస్తోంది. 71 ఏళ్లు, పాస్‌పోర్టు తీయించాం.

గౌతమి
ఐదుగురా! చాలా గదులకి నలుగురే హద్దు. ఒక్క గది మాట ఇంక మర్చిపోండి. అమ్మమ్మ గారు, అమ్మాయి ఒకటి, మీరు ముగ్గురూ ఒకటి. గదికో పెద్దమనిషి ఉన్నట్టే కాబట్టి వయసు రూలుతో ఇబ్బంది ఉండదు.

యానాం మరిది
నాన్నమ్మ గారు.

వశిష్ఠ గట్టు
పెద్దావిడ అయితే బాత్రూమ్ గడప ఎత్తు అడగండి. మా ఓడలో గడప జానెడు ఎత్తుంది, మా అత్తగారు రెండుసార్లు తట్టుకున్నారు. లోపల పట్టుకోవడానికి కమ్మీ, షవర్ దగ్గర కూర్చునే స్టూలు ఉంటాయేమో కూడా అడగండి.

ఉప్పుటేరు
ఏజెంటు "పక్కపక్క గదులు" అంటే ఒప్పుకోకండి. పక్కపక్క అంటే బయట నడవాలోంచి తిరిగి రావాలి. కనెక్టింగ్ అంటే మధ్య గోడకి తలుపు ఉన్నది. గది నంబర్లు రెండూ రాయించుకుని, ఓడ డెక్ ప్లాన్‌లో ఆ రెంటి మధ్య కనెక్టింగ్ గుర్తు ఉందో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి. ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లో అడగండి, పెద్దావిడకి ఊపు తక్కువ తెలుస్తుంది. అబ్బాయి మీ గదిలోనే కాబట్టి బాల్కనీ మీ గదికి ఉన్నా పర్లేదు.