గదికీ తిండికీ జీతంలో కోత: ఆల్ప్స్ స్కీ హోటల్లో సీజను పనికి వెళ్లడం తగునా?

కృష్ణాతీరం
మా తమ్ముడు స్విట్జర్లాండులో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడి స్కీ ఊరు జెర్మాట్‌లోని ఒక అయిదు నక్షత్రాల హోటల్లో ఇంటర్న్‌షిప్ దొరికింది. ఒప్పంద పత్రం చూశాక మా ఇంట్లో గొడవ మొదలైంది. జీతం నెలకు 2,300 ఫ్రాంకులకు కొంచెం పైన. అందులో గదికి 345, భోజనాలకు 645, మొత్తం 990 ఫ్రాంకులు చేతికి రాకముందే పోతాయి. బీమా, పన్ను వేరే. పైగా ఆ గదిని ఇంకొకరితో పంచుకోవాలి. ఒక్క రాత్రికి అతిథుల దగ్గర అంతంత వసూలు చేసే హోటలు, తన దగ్గర పనిచేసే కుర్రాడు తినే అన్నానికి లెక్క కడుతుందా? నాన్నగారు వద్దనే అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

లెక్కలపుస్తకం
నేను జ్యూరిక్‌లో జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. ఆ 990 హోటలు తోచినట్టు వేసిన అంకె కాదండీ. స్విస్ ప్రభుత్వ వృద్ధాప్య బీమా నిబంధనల్లో గదికీ తిండికీ కలిపి రోజుకు 33 ఫ్రాంకులని నిర్ణయించారు. గదికి 11.50, ఉదయం ఫలహారానికి 3.50, మధ్యాహ్న భోజనానికి 10, రాత్రికి 8. ముప్పై రోజులకు 990. పది ఫ్రాంకులకు ఆ దేశంలో బయట ఎవరూ కడుపునిండా పెట్టరు.

ఇక గది సంగతి. కొండ ఊళ్లలో ఇళ్లన్నీ సెలవులకు వచ్చే ధనికుల చేతుల్లోకి పోతున్నాయనే, ఏ ఊళ్లోనూ రెండో ఇళ్లు 20 శాతం మించకూడదని 2012లో దేశమంతా ఓటు వేసింది. జెర్మాట్‌లో పనిచేసే ఎందరో కింద లోయలోని టేష్, రాండా వంటి ఊళ్లలో ఉంటారు. జెర్మాట్‌లోకి పెట్రోలు కార్లను రానివ్వరు. వంటగది కడిగి రాత్రి బయటపడితే, టేష్ దాకా పన్నెండు నిమిషాల రైలే దిక్కు. ఊళ్లోనే మంచం దొరుకుతోందంటే వదులుకోవద్దు.

ఎర్రనేల
మా నిజామాబాదు వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లను అడగండి. అక్కడ కంపెనీ క్యాంపులో మంచానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. ఆస్ట్రియాలోని టిరోల్ హోటళ్లు కూడా ఉద్యోగ ప్రకటనల్లో తిండి, బస ఉచితమని రాస్తాయి. కొండకు అవతలి పక్క వీలయ్యేది ఇవతల ఎందుకు కాదు?

లెక్కలపుస్తకం
ఉచితమన్న చోట జీతమే తక్కువ ఉంటుంది. స్విస్ హోటళ్లూ కార్మిక సంఘాలూ చేసుకున్న ఉమ్మడి ఒప్పందం ప్రకారం, ఇంటర్న్‌లను పక్కన పెడితే, శిక్షణ లేని పనివారికి కూడా కనీస జీతం నెలకు 3,600 ఫ్రాంకుల పైనే. పదమూడో నెల జీతం, ఏడాదికి అయిదు వారాల సెలవు అదనం. గల్ఫ్ క్యాంపుతో పోలుస్తారా? ఇక్కడ పాస్‌పోర్టు ఎవరూ లాక్కోరు.

మంచుదారి
మీరిద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి స్కీ ఊరు కూర్షెవెల్‌లోని ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్ చేశాను. ఫ్రాన్సులో విదేశీ విద్యార్థి ఏడాదికి 964 గంటలు పని చేయవచ్చు, శీతాకాలపు సీజను అందులో సరిపోతుంది.

శనివారం అతిథులు మారే రోజు. ఉదయం పదింటికి పాతవాళ్లు వెళ్తారు, సాయంత్రం నాలుగింటికి కొత్తవాళ్లు వస్తారు. ఆ ఆరు గంటల్లో పరుపుల మీద ముడత కనిపించకూడదు, తివాచీ మీద మంచుబూట్ల తడి మరక మిగలకూడదు. అది ముగించుకుని మా గదికి దిగితే సగం నేలమాళిగ, బంకు మంచాలు, హీటరు మీద నలుగురి తడి చేతి తొడుగులు. కిటికీ ఉండేది, కానీ జనవరి వచ్చేసరికి మంచుతో పూడిపోయేది. రోడ్డు మీద మంచు తోసే బండి చప్పుడు వినబడితేనే తెల్లవారబోతోందని తెలిసేది. ఇంతా చేసి ఆ పనిని నేను ఇష్టపడ్డాను. మధ్యాహ్నం విరామంలో స్కీ నేర్చుకున్నాను, ఫ్రెంచి నాలుక తిరిగింది.

కానీ ఫిబ్రవరిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ప్రొబేషన్ కాలంలోనే షెఫ్‌తో మాటామాటా పెరిగింది. ఉద్యోగంతో పాటు మంచమూ పోయింది. ఊరంతా పాఠశాల సెలవుల రద్దీ, బయట ఒక్క రాత్రి గది ఆమె స్తోమతకు అందదు. ఆ సాయంత్రం పెట్టె పట్టుకుని లోయలోకి బస్సెక్కింది. ఆమె తప్పు ఎంత, ఆయన తప్పు ఎంత అన్నది వదిలేయండి. పని ఇచ్చే యజమానే గది ఇచ్చేవాడు కూడా అయినప్పుడు ఎవరూ నోరెత్తరు. గదిలో పొగ హెచ్చరిక గంట పనిచేయడం లేదని చెప్పడానికి కూడా జంకుతారు. 2019 జనవరి 20న అదే కూర్షెవెల్‌లో సీజను పనివారు ఉంటున్న భవనంలో మంటలు లేచి ఇద్దరు చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు, కొందరు ప్రాణభయంతో కిటికీల్లోంచి దూకారు. నాకు 345 ఫ్రాంకులు పెద్ద విషయంగా కనిపించకపోవడానికి కారణం అది.

తాతయ్యకబుర్లు
సీజను పనివాడి గదికి స్విట్జర్లాండులో పాత చరిత్ర ఉంది. 1934 నుంచి 2002 దాకా నడిచిన సీజను అనుమతిలో ఏడాదికి తొమ్మిది నెలలే ఉండనిచ్చేవారు, భార్యాపిల్లలను తెచ్చుకోనిచ్చేవారు కాదు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్లలో కొందరు పిల్లలను గదుల్లో దాచి పెంచారు, బయట చప్పుడు వినబడకూడదని. ఆ హోటళ్ల వైభవం అంత చవగ్గా రాలేదు.

లెక్కలపుస్తకం
మంచుదారి గారి మాట కాదనలేను. స్విస్ ఒప్పందంలోనూ ప్రొబేషన్ కాలంలో మూడు రోజుల నోటీసుతో తీసేయవచ్చు. కాబట్టి కృష్ణాతీరం గారూ, గదికి విడిగా అద్దె ఒప్పందం రాయమని అడగమనండి. సామాన్లతో ఇచ్చే గదికి స్విస్ చట్టంలో రెండు వారాల నోటీసు, అదీ అద్దె నెల ముగిసేలా ఇవ్వాలి. కుదరదంటే కనీసం పని పోయినా నెలాఖరు దాకా ఉండనిస్తామని ఒక వాక్యం చేర్చమనండి. తినని పూటకు డబ్బు పట్టుకోబోమనీ రాయించుకోవాలి. పని మాత్రం మానవద్దు.

ఎర్రనేల
ఇంకొక లెక్క చెప్పండి. 3,600 వచ్చేవాడికీ 990 కోతే, 2,300 వచ్చే విద్యార్థికీ 990 కోతే. ఒకరికి జీతంలో పావు భాగానికి కొంచెం పైన, ఇంకొకరికి నలభై శాతం పైన. పైగా గదికి 345 అన్నది మనిషికి. ఇద్దరుంటే ఆ గది మీద హోటలుకు 690, ముగ్గురుంటే 1,035. దీన్ని సమర్థించండి చూద్దాం.

లెక్కలపుస్తకం
సమర్థించను. పంచుకునే గదికి తగ్గించమని అడగవచ్చు. ఇంటర్న్‌లు అడగరు, అదే చిక్కు.

కృష్ణాతీరం
తమ్ముడు నిన్న రాత్రి ఆ రెండూ అడుగుతూ హోటలుకు ఉత్తరం రాశాడు: నెలాఖరు వాక్యం, పంచుకునే గదికి తగ్గింపు. మంచుదారి గారూ, పొగ హెచ్చరిక గంట గురించి కూడా అందులోనే అడగమంటారా, వెళ్లాక చూసుకోమంటారా?

మంచుదారి
ఇప్పుడే అడగమనండి. ఏ అంతస్తు, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, బయటికి రెండో దారి ఉందా, ఈ మూడూ రాతపూర్వకంగా. జవాబు ఇవ్వడానికి నసిగితే మీ నాన్నగారి మాటే వినండి.