పెరటి షెడ్డంటే ఇంగ్లండువారికి ఇంత మమకారం ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రెడింగులో మేముంటున్న వీధిలో పెరడున్న ప్రతి ఇంటికీ ఒక చెక్క షెడ్డు ఉంది. గడ్డి కోసే యంత్రం, రంగు డబ్బాలు పెట్టుకోవడానికని చెబుతారు గానీ, మా పక్కింటి పెద్దాయన రోజూ సాయంత్రం ఆ సామాన్ల మధ్యనే స్టూలు వేసుకుని, టీ కలుపుకుని, రేడియో వింటూ చీకటి పడేదాకా కూర్చుంటారు. ఇంట్లో మెత్తటి సోఫా ఉండగా అక్కడ దొరికే సుఖం ఏమిటో, ఆ మాటెత్తగానే ఇక్కడివారంతా ఎందుకంత ముచ్చటగా నవ్వుతారో తెలిసినవారు చెప్పగలరా? మేము కూడా ఒకటి వేయించుకోవాలనుకుంటున్నాము.

జవాబు 1:
హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని అయట్ సెయింట్ లారెన్స్‌కు ఒకసారి వెళ్లి రండి. 1906 నుంచి 1950లో కన్నుమూసేదాకా నాటక రచయిత బెర్నార్డ్ షా నివసించిన ఇంటి తోటలో, ఆయన రాసుకున్న చిన్న గది ఇప్పటికీ ఉంది. సుమారు 64 చదరపు అడుగుల ఆ గదిని ఇరుసు మీద నిలబెట్టారు కనుక, ఎండ ఎటుంటే అటు తిప్పుకోవచ్చు. దానికి ఆయన పెట్టుకున్న పేరు లండన్. అందువల్ల పిలవని అతిథులు వచ్చినప్పుడు, అయ్యగారు లండన్‌లో ఉన్నారని ఇంట్లోవారు అబద్ధమాడకుండానే చెప్పి పంపేవారట! షెడ్డులోని హాస్యమంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది: మనిషి ఎక్కడికీ వెళ్లలేదు, అయినా ఇంట్లో లేడు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. గొళ్లెం బాగుచేసే పని ఉందని చెప్పి వెళ్లినవారు గంట తరువాత వచ్చినా ఎవరూ నిలదీయరు, ఎందుకంటే ఆ నెపం వెనుక ఉన్నది కాసేపటి ఏకాంతమేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసీ ఊరుకోవడంలో ఉన్న ఆప్యాయతే ఆ నవ్వుకు మూలమని నా అభిప్రాయం. 2007 నుంచి ఈ దేశంలో ఉత్తమ షెడ్డుకు పోటీ కూడా జరుగుతోంది. షెడ్డును ఏకంగా పబ్బుగా మార్చుకున్నవారికి అందులో ప్రత్యేక విభాగమే ఉంది.

జవాబు 3:
ఒంటరితనంతో బాధపడే పెద్దవారి కోసం ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన మెన్స్ షెడ్ల గురించి, అంటే మగవారు కలిసి పని చేసుకునే ఉమ్మడి షెడ్ల గురించి కూడా చెప్పాలి. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పని మగవారు, పక్కపక్కన నిలబడి చెక్క చిత్రిక పడుతూ మనసులోని మాట చెప్పుకుంటారన్నది వాటి వెనుక ఉన్న ఆలోచన.

ఇక మీ షెడ్డు విషయానికి వస్తే, ఇంగ్లండులో సరిహద్దు కంచెకు 2 మీటర్ల లోపు కట్టేది 2.5 మీటర్ల ఎత్తు మించితే సాధారణంగా ప్లానింగ్ అనుమతి కావాలి. లోపలి వైశాల్యం 15 చదరపు మీటర్లు దాటకుండా, పడుకునే ఏర్పాటు లేకుండా ఉంటే భవన నిబంధనలు మామూలుగా వర్తించవు. అయితే కరెంటు తీగ లాగే పనికి వేరే నిబంధనలున్నాయి. మంచం వేసుకునే ఆలోచన ఏమైనా ఉంటే మాత్రం ముందుగా కౌన్సిలువారిని అడగండి.