తారకహారపంక్తులం... జారుతరమా, చారుతరమా?

కావలి:
వచ్చే గురువారం అమ్మకు 60 నిండుతాయి. తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. నల్ల చార్టు మడిచి నేనే కార్డు చేస్తున్నాను. ఆకాశం నిండా బంగారు చెమ్కీలు (అంటిస్తే రాలిపోతున్నాయని సూదితో కుట్టాను), అంచుకి అమ్మ పాత వెంకటగిరి చీర జరీ ముక్క. లోపల అమ్మ ఎప్పుడూ పాడుకునే శారదరాత్రుల (శరత్కాలపు రాత్రుల) పద్యం, నన్నయ భారతంలోది, మొదటి రెండు పాదాలు తెల్ల జెల్ పెన్నుతో రాద్దామని. నా చెవిలో ఉన్నది ‘తారకహారపంక్తులం జారుతరంబులయ్యె’. చెల్లి ఒప్పుకోవట్లేదు, పుట్టినరోజు నాడు చుక్కలు జారడమేంటి, ‘చారు’ అయ్యుంటుంది అంటోంది. నల్ల కాగితం మీద దిద్దడం కుదరదు, అదే టెన్షన్. ఏది రాయను?

ఒంగోలు:
జారుతరమే. పంక్తులన్ + చారుతరంబులు, ద్రుతం (చివరి న్) మీద పరుషం (చ) సరళమైంది (జ). మీ చెల్లి చెప్పిన అర్థమే సరైంది, ‘మిక్కిలి అందమైనవి’ అని. అక్షరం మాత్రం జా.

నెల్లూరు:
మాస్టారూ, అంత తేలిగ్గా తేల్చేస్తే ఎట్లా? రెండో పాదం యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోట, ఉన్నది ‘వికసన్నవ’లో స. దానికి చా అయినా జా అయినా మైత్రి కుదురుతుంది. ప్రాస (పాదంలో రెండో అక్షరం) రేఫ, అంటే ర, దానికీ తేడా లేదు. ఛందస్సు అభ్యంతరం చెప్పనప్పుడు ‘పంక్తులన్ చారుతరంబులయ్యె’ అని విడదీసి రాస్తే చూసేవాళ్లకి అర్థం వెంటనే అందుతుంది. కార్డు కంటితో చదివేది కదా.

ఒంగోలు:
చదవబోయేది తెలుగు టీచరండీ. ఆమె నోటికి వచ్చిన పద్యాన్ని మనం విడదీసి చూపిస్తే బాగుండదు.

గుడ్లూరు:
నన్నయ చివరి పద్యం అంటారు దాన్ని, ఆయన భారతం అక్కడే ఆగింది. పుట్టినరోజుకి ఆగిపోయిన చోటు ఎందుకక్కా? 14వ శతాబ్దంలో మా ఎర్రన అక్కడినుంచి భారతం కొనసాగిస్తూ అదే శరత్తుని అందుకుని, రాత్రిని వదిలేసి తెల్లవారుజాముతో మొదలుపెట్టాడు చూడండి, ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి’. ఎర్రటి వెలుగు పొంగిపొర్లడం! నాకైతే ఆ ‘పొంపిరి’ అన్న ఒక్క మాటకి నన్నయ సమాసాలన్నీ ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఇక్కడా ‘రుచిన్ + పొంపిరి’ బొంపిరి అయింది. ఆపినాయన ఆపిన పద్యంలో, అందుకున్నాయన అందుకున్న పద్యంలో అదే సరళాదేశం. ఎర్రన కావాలనే చేశాడని నా నమ్మకం.

నెల్లూరు:
సరళాదేశం లేని పద్యం భారతంలో వెతికినా దొరకదు తమ్ముడూ, దాన్ని గుర్తుగా పట్టుకోలేం. పొంపిరి గురించి మాత్రం నీతో ఏకీభవిస్తాను.

గూడూరు:
జా సంగతి మీరు చూసుకోండి, నాకు చెమ్కీల రంగు దగ్గర అభ్యంతరం. నాలుగో పాదంలో ఉన్నది ‘కర్పూరపరాగపాండురుచి’, అంటే తెలుపు. బంగారు రంగు కుదరదు. మా వైపు, సైదాపురం గనుల దగ్గర అభ్రకం రేకులు ఏరుకొచ్చి పుస్తకాల్లో దాచుకునేవాళ్లం. ఆ రేకు నలిపితే అచ్చం పద్యంలో వెన్నెలే. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి కుంచెతో చందమామ చుట్టూ రాసి, తడి ఆరకముందే పొడి చల్లి, కార్డు బోర్లించి తట్టండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి లోపలికి పోకూడదు. ఇంకోటి, కవి ‘వికీర్ణ’ అనలేదు, ‘వికీర్యమాణ’ అన్నాడు, ఇంకా చల్లుతూనే ఉన్నాడు చంద్రుడు. కాబట్టి దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా రావాలి.

కావలి:
గూడూరన్నా, వికీర్యమాణ ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, ఈ రాత్రికే చేస్తాను. చందమామ చుట్టూ ఉన్న చెమ్కీలు విప్పేస్తున్నా. చోటు కొలిచి చూస్తే ఒక్క పాదమే పట్టేట్టుంది. ‘తారకహారపంక్తులం’ దాకా రాసి వదిలేస్తాను. తర్వాతది అమ్మ నోటితోనే వింటాను.

నెల్లూరు:
అక్కడ ఆపేట్టయితే సున్న పెట్టకూడదమ్మా, ‘పంక్తులన్’ అని నకారం రాయాలి. పక్కన జా లేనప్పుడు సున్న దేనికోసం?

ఒంగోలు:
సున్నే ఉంచండి. జా రాబోతోందని ఆ సున్నని చూసే ఆమెకు తెలుస్తుంది.