అప్‌డేట్: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్‌కు అనుమతి వచ్చింది

చూపు బాగా తక్కువున్న నన్ను ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) వేసుకోనివ్వడం లేదని, హెచ్ఆర్ వాళ్లు "దివ్యాంగుల హక్కుల చట్టం గవర్నమెంటు ఉద్యోగాలకే" అంటున్నారని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఇక్కడ ఇచ్చిన సెక్షన్ 21 సలహానే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థకు కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట అందులో సహాయక పరికరాల సంగతి రాయాలి, దివ్యాంగ ఉద్యోగుల విషయాలు చూసే లైజన్ ఆఫీసర్‌ని పెట్టాలి. "మన పాలసీ కాపీ, లైజన్ ఆఫీసర్ పేరు ఇవ్వండి" అని మెయిల్ పెట్టాను, అంతే. అసలు పాలసీయే లేదని అప్పుడు బయటపడింది. లీగల్ టీమ్ కదిలింది, పాలసీ రాశారు, అనుమతి ఇచ్చారు. నోటిమాటగా అడిగినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, కాబట్టి దయచేసి రాతపూర్వకంగానే అడగండి.

ఇక్కడ వచ్చిన దివ్యాంగుల 4 శాతం రిజర్వేషన్ చర్చ నా విషయానికి సంబంధం లేనిది, అది ప్రభుత్వ సంస్థలకు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు దాకా వెళ్లలేదు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) మాత్రం అడిగారు, దగ్గర ఉంచుకోండి.

ఒకటి మిగిలింది: టైమ్‌షీట్ పేజీలో బటన్లకు స్క్రీన్ రీడర్ చదవగలిగే పేర్లు లేవు, ఎన్‌వీడీఏ అన్నింటినీ "బటన్" అనే చదువుతోంది. దానికి వేరే టికెట్ పెట్టాను.